పప్పులో పంచాంగం

కందిపప్పు ఏడాది పొడుగునా ఒకటే. అందులో పడే పులుపు మాత్రం కాలానికొకటి. మామిడికాయ వెళ్లి వాక్కాయ వచ్చే ఈ సంధిలో, మన వంటింటి కాలెండర్ గురించి కాసేపు...

మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, వెళ్లిన నాలుగో రోజు సాయంత్రం మా వీధిలో మొదటి వాన పడింది. రెండు నెలలుగా ఎండకి మాడిన మట్టి చినుకు తగలగానే వదిలే వాసన కిటికీలోంచి లోపలికొచ్చేసరికి పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. అందులో వేసింది ఈ ఏటికి ఆఖరి మామిడికాయ. నాలుగు రోజుల కిందట కొన్నది, ఒక పక్క కాస్త పసుపు తిరిగింది. కత్తి పెడితే టెంక రాయిలా తగిలింది. ముక్క నోట్లో వేసుకుంటే పులుపు వెనకాలే తీపి తెలుస్తోంది. ఇంకో రెండు రోజులాగితే పప్పుకి పనికిరాదు.

పోపు పెట్టి దించి, అటక మీంచి వడియాల డబ్బా తీశాను. మాఘమాసం ఎండల్లో పెట్టిన గుమ్మడి వడియాలు. సన్నని సెగ మీద నూనెలో ఎర్రగా వేగుతుంటే ఇంగువ, జీలకర్ర వాసన తడిమట్టి వాసనలో కలిసింది. వేడన్నం, పప్పు, చెంచాడు నెయ్యి, నంజుకోవడానికి వడియం. బయట వాన. ఇంతకంటే ఆ పూటకి ఏం కావాలి?

"రేపూ ఇదే చెయ్యమ్మా" అన్నాడు మావాడు. నాలుగో తరగతి వాడు.

"రేపు మామిడికాయ లేదు నాన్నా. మళ్లీ ఉగాదికే."

"ఆర్డర్ పెట్టు."

"పెడితే కాయ వస్తుందేమో గానీ ఈ పులుపు రాదు."

వాడి మొహం చిన్నబోయింది. పక్కన కూర్చున్న మా అత్తమ్మ కలగజేసుకుంది. "ఆగరాదు బిడ్డా! ఇంకో పదిహేను దినాలైతె వాక్కాయలొస్తయ్. గప్పుడు మీ అమ్మ గా పప్పు చేస్తది."

వాక్కాయ ఎలా ఉంటుందో వాడికి గుర్తులేదు. అయినా చెయ్యి కడుక్కుని గోడ మీది కాలెండర్ దగ్గరికి వెళ్లి, వేలితో గళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఈ కథనం రాయాలనిపించింది ఆ లెక్క చూశాకే.

మారేది పులుపే

తెలుగింట్లో పప్పు చేయని వారం ఉండదు. కుండలో ఉడికినా కుక్కర్లో ఉడికినా ఆ పప్పు కందిపప్పే. కాలం తెలిసేది అందులో పడే పులుపుతోనే. ఉగాదికి కాస్త ముందు నుంచి మిరుగం దాకా మామిడికాయ, మధ్యలో కొన్నాళ్లు చింతచిగురు. వానలు పడ్డాక వాక్కాయ, గోంగూర. కార్తీకం వెళ్లాక పచ్చి చింతకాయ, చుక్కకూర. ఏదీ దొరకని రోజున దాచుకున్న చింతపండు. గోదావరి ఒడ్డున మా ఊళ్లో ఈ వరస ఎవరూ రాసిపెట్టుకోలేదు. సంతలో ఆ వారం ఏది కుప్పలు పోసి ఉంటే అదే పప్పులో పడేది. రుచిగా ఉండే రోజుల్లోనే అది చౌకగానూ దొరికేది. ఈ రెండూ ఒకచోట కలిసి రావడం ఎంత గొప్ప సదుపాయమో నెలవారీ సరుకుల బిల్లు చూసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆ మాటకొస్తే కందికీ ఒక కాలముంది. తొలకరికి విత్తిన కంది సంక్రాంతి రోజులకి కోతకొస్తుంది. అంతకు ముందు పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని, వలుచుకుంటూ తినడం చేల దగ్గర పెరిగినవాళ్లకి తెలుసు. కొత్త పప్పు చిటికెలో ఉడుకుతుంది. ఏడాది నిలవున్నది ఎంత నానబెట్టినా మొండికేస్తుంది. వికారాబాద్ జిల్లా తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లరేగడిలో పండిన ఆ పప్పు ఉడుకుతుంటే వచ్చే కమ్మదనం పక్క గదిలో ఉన్నవాళ్లకీ తెలుస్తుంది. మా అత్తమ్మ ముందు గదిలో టీవీ చూస్తూనే, ఉడికే వాసన బట్టి పప్పు కొత్తదో పాతదో చెబుతుంది. ఆమె చెప్పింది తప్పడం నేను చూడలేదు.

తడి చెయ్యి పెట్టకే!

మామిడి దగ్గర కాసేపు ఆగాలి. మనవాళ్లు దాన్ని తిని ఊరుకోలేదు, దాచారు. ఉన్న రోజుల్లో తినడం, లేని రోజులకి దాచడం, ఈ రెండూ తెలిస్తేనే కాలానికి తగ్గ వంట తెలిసినట్టు.

మా నాయనమ్మ ఆవకాయ పెట్టే రోజు తెల్లారకముందే కాయలు నీళ్ల గాబులో పడేవి. చిన్నరసాలో, జలాలో, కొత్తపల్లి కొబ్బరో, ఏదైనా గట్టిగా పుల్లగా ఉండాలి. తుడవడం పిల్లల పని. పొడిగుడ్డతో ఒక్కో కాయా తుడిచి, మడత మంచం మీద పాత పంచె పరిచి ఆరబెట్టేవాళ్లం. తాతయ్య కత్తిపీట ముందేసుకుని కూర్చునేవాడు. ప్రతి ముక్కకీ టెంక అంటిపెట్టుకుని ఉండాలి. టెంక లేని ముక్క నాలుగు నెలలు తిరక్కుండానే మెత్తబడిపోతుంది. లోపలి జీడి తీసేసి, దాని కింద కాగితంలా అంటుకున్న పొరని గోటితో లాగేయాలి. ఆ పనీ మాదే. మధ్యాహ్నానికి వేళ్ల చివరలు నల్లబడిపోయేవి. అవి వారం దాకా వదిలేవి కాదు.

ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి పెద్ద బేసిన్‌లో కలిపేటప్పుడు మాత్రం ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. "తడి చెయ్యి పెట్టకే అమ్మాయ్! జాడీ అంతా బూజెక్కుతుంది" అని దూరం నుంచే కసిరేది.

ఆ కసురులో ఎంత లెక్కుందో చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. జాడీలో ఊరే ఊట అదే. పొడి ఆవపిండి వాసన చూడండి, ముక్కుకెక్కదు. తడి తగిలాకే దానికి ఘాటు పుడుతుంది. ఆ ఘాటు, ఉప్పు, మామిడి పులుపు మూడూ కలిసి బూజుని దగ్గరికి రానివ్వవు. పైన తేలే నువ్వుల నూనె గాలి తగలనివ్వదు. బయటి నీళ్ల చుక్క పడిందంటే అక్కడ ఉప్పు పలచబడుతుంది, బూజుకి దారి దొరుకుతుంది. మా నాయనమ్మ ఇదంతా చదివి తెలుసుకోలేదు. ఎప్పుడో కొత్తకాపురంలో పాడైపోయిన జాడీలు చూసి తెలుసుకుంది.

మూడో రోజు జాడీ విప్పి, అడుగు నుంచి తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె తగ్గితే పోసి, మళ్లీ వాసెన కట్టేది. కానీ మేము కాచుక్కూర్చునేది మొదటి రోజు కోసమే. ఆవకాయ జాడీలోకెత్తాక బేసిన్‌కి అంటుకున్న ఎర్రటి పిండిలో వేడన్నం వేసి, నెయ్యి పోసి, చేత్తో పిసికి, వరసగా కూర్చున్న పిల్లలందరి చేతుల్లో తలో ముద్ద పెట్టేది. ముక్క ఇంకా ఊరలేదు, కారం ఇంకా కుదురుకోలేదు. ఆవఘాటు నెత్తికెక్కి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లతోనే రెండో ముద్దకి చెయ్యి చాపేవాళ్లం.

పెళ్లై కరీంనగర్ వెళ్లాక అక్కడ దాన్ని తొక్కు అంటారని తెలిసింది. అల్లం వెల్లుల్లి ముద్ద పడుతుంది, పోపు పెట్టి చల్లార్చి పోస్తారు. మొదటి ఏడు అది ఆవకాయే కాదనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో రెండు జాడీలు పక్కపక్కన ఉంటాయి. ముద్దపప్పులోకి మా అమ్మ ఆవకాయ, పెరుగన్నంలోకి అత్తమ్మ తొక్కు.

మిరుగం నాడు నోరు తెరిస్తే

మృగశిర కార్తె జూన్ 7నో 8నో వస్తుంది. గోదావరి వైపు అది రైతుల మాట. తెలంగాణలో అది ఇంటింటి పండగ. నా పెళ్లైన మొదటి ఏడు ఆ పొద్దున కాఫీ కలుపుకుంటుంటే అత్తమ్మ గుప్పిట్లో ఏదో పట్టుకుని వచ్చింది.

"మిరుగం బిడ్డా ఇయ్యాల. నోరు తెరువు."

తెరిచాను. బెల్లంలో ఇంగువ కలిపి చేసిన చిన్న ఉండ. ముందు తీపి, ఆ వెంటనే ముక్కుల్లోంచి పొగలా ఇంగువ. "మీ దిక్కు తినరా?" అనడిగింది. "లేదత్తమ్మా" అంటే, "మరి వానలకు మీకు పానం ఎట్ల ఆగుతది?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. ఎండలో కాగిన ఒళ్లు ఒక్కసారిగా వానలో పడుతుంది, దానికి లోపల వెచ్చదనం కావాలని నమ్మకం. సాయంత్రానికి చేపల పులుసు తప్పనిసరి. ఆ రోజు హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో అడుగు తీసి అడుగు వేయలేం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. ఏడాదంతా ఖరీదైనదే, మిరుగం నాడు ఇంకా పైకెక్కుతుంది. అయినా జనం కొంటారు.

సముద్రానికీ ఒక విరామముంది. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మళ్లీ బోట్లు కదిలేసరికి గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజులు దగ్గరపడతాయి. ఆ వరదకి ఎదురీదుతూ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే ఇలసే మన పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్న సామెత సంగతెలా ఉన్నా, ఇవాళ ఒక్క చేప వేలల్లో పలుకుతోంది, దొరకడమూ తగ్గిపోయింది. గుడ్లు పెట్టడానికి వచ్చే చేపని మిగలనిస్తేనే పై ఏటికి చేప ఉంటుంది. పులస పులుసు తినడం నాకు ఎంతిష్టమైనా ఈ మాట చెప్పక తప్పదు.

వానల్లో నాకు అసలు పండగ ఆకుకూరలూ చిన్న కాయలూ. గోంగూరని అత్తమ్మ పుంటికూర అంటుంది. ముళ్లముళ్లుగా ఉండే బోడకాకర కొన్ని వారాలే కనబడుతుంది. లేతవైతే గింజలతో సహా చక్రాలుగా కోసి వేపితే చాలు. వినాయక చవితి నాడు తెలంగాణ ఇళ్లల్లో తుమ్మికూర వండుతారు. తుమ్మిని ఎవరూ విత్తరు. పొలం గట్ల మీద, ఖాళీ జాగాల్లో వానకి దానంతటదే మొలుస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో ఇలా విత్తకుండా మొలిచే కూరలని గుర్తుపట్టి, పేర్లు పెట్టి పిలిచి, కోసుకొచ్చి వండే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడి పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించుకుని ఊరూరా తిరిగే ఆనవాయితీ పెట్టారు. కూర పేరు మరిచిపోతే అది కలుపు మొక్క అయిపోతుంది. ఆ జాతర ఆ పేర్లని బతికిస్తోంది.

రాయలవారు చూసిన వంటిల్లు

వానాకాలం అన్నంలో వడియం ఉండాలన్నది మా నాయనమ్మ కనిపెట్టింది కాదు. ఐదొందల ఏళ్ల కిందట శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడి ఇంట అతిథుల భోజనాన్ని మూడు కాలాలకి మూడు రకాలుగా చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, మజ్జిగ పులుసులు, పలచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, ఊరగాయలు, నీళ్ల మజ్జిగ. చలికాలంలో ఘుమఘుమలాడే కొత్తబియ్యం అన్నం, మిరియాల పొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కు అదిరే పచ్చళ్లు, పాయసం, చెయ్యి చురుక్కుమనే నెయ్యి, కాగిన పాలు. మిరపకాయ మన పొలాల్లోకి ఇంకా దిగని రోజులవి. అందుకే కారమంతా మిరియాలదే.

వానాకాలం వరసని ఇంకోసారి చూడండి. వడియాలు, వరుగులు. అవి ఎండాకాలపు పనులు. పచ్చి కూరగాయ దొరకని ముసుర్లో వాటిని బయటికి తీస్తున్నారు. రాజ్యాలేలిన మనిషి ఈ చిన్న సంగతి గమనించాడు. ఇంకొకటీ గమనించాడు. తడికట్టెల పొగ ఇల్లాలి కళ్లకి సోకకుండా ఎండిన కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వంట చేయించాడు. అన్నం రుచి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వండే మనిషి కళ్ల గురించి రాసిన ఆ ఒక్క మాటకి నేను రాయలవారికి మొక్కుతాను.

ఒక్క చింతచెట్టు చాలు

పంచాంగం లేకపోయినా పెరట్లో చింతచెట్టుంటే చాలు, ఏ నెలో తెలిసిపోతుంది. వేసవి ముదిరేలోగా ఎర్రెర్రగా చిగురు. దాన్ని అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, పప్పులో వేస్తారు. మాంసంలోనూ, రొయ్యల్లోనూ వేస్తారు. నగరంలో కిలో వందల్లో చెబితే అందరూ గొణుగుతారు గానీ, కొమ్మ కొమ్మకీ ఎక్కి వేళ్లతో కోసి తేవాల్సిన ఆకు అది. చిగురు వెళ్లాక పసుప్పచ్చ పువ్వు. కార్తీకం నాటికి పచ్చి కాయ. మాఘం, ఫాల్గుణంలో పండు.

కార్తీకం అంటే ఉసిరి కూడా. క్షీరాబ్ది ద్వాదశికి తులసి కోటలో ఉసిరి కొమ్మ పెట్టడం, ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, ఇంటికొచ్చాక ఉసిరికాయ పచ్చడి. కానీ నా మనసు చింతకాయ తొక్కు మీదే ఉంటుంది. గింజ గట్టిపడని కాయ కావాలి. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కాలి. దంచుతుంటే వచ్చే పచ్చి పులుపు వాసనకి వంటింటి గుమ్మంలో నిలబడ్డవాళ్లకీ దవడలు లాగేస్తాయి. మూడో రోజు మళ్లీ దంచి, ఈనెలూ గింజలూ తీసి జాడీకెత్తాలి. కావలసినప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసి, వేయించిన ఎండుమిరపకాయలతో నూరి పోపు పెట్టుకోవడమే. ఏళ్లు గడిచినకొద్దీ అది నల్లబడుతుంది, పులుపు మెత్తబడుతుంది. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్లకి మొదటి అన్నం ముద్దలో ఆ పాత చింతకాయే పెట్టేవారు. నాకు టైఫాయిడ్ వచ్చి లేచాక మా అమ్మ పెట్టిన ఆ ముద్ద రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

కొత్త చింతపండు వచ్చాక పిక్కలు తీసి, రాళ్ల ఉప్పు వేసి కుండలో కూరుతారు. ఆ పిక్కలతో పిల్లలు వామనగుంటలాడేవాళ్లు. చింతచెట్టు ఇచ్చినదాంట్లో ఏదీ వృథాగా పోయేది కాదు.

చలి రోజుల్లో రాయలసీమ వెళ్లే వీలుంటే, ముఖ్యంగా చిత్తూరు వైపు, అనపకాయల కాలం చూసి వెళ్లండి. మంచు పట్టిన అనపకాయకి ఒక జిడ్డు వాసన ఉంటుంది. ఆ వాసన లేకపోతే కొనరు. గింజలు వలిచి, నానబెట్టి, సాయంత్రం పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఒక్కో గింజనీ బొటనవేలితో నొక్కితే పొట్టు వేళ్ల మధ్య ఉండిపోయి, పప్పు పళ్లెంలోకి దూకుతుంది. అదే పితికిపప్పు. గంటసేపు పితికితే నలుగురికి సరిపడా వస్తుంది. ఆ గంటలో ఊళ్లో సంగతులన్నీ మాట్లాడేసుకుంటారు. ఒక చుట్టమింట్లో నేను కూర్చున్న ఆ గంటలో ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. చేతులు రెండూ తడి కదా! మర్నాడు పొద్దున సంగటిలోకి ఆ పప్పు పులుసు. సంక్రాంతికి గోదావరి వైపు అరిసెలు, కరీంనగర్‌లో బట్ట మీద చుట్టే సకినాలు, వాటి మీద ఎంతైనా రాయొచ్చు. ఆ ముచ్చట జనవరిలో చెప్పుకుందాం.

టమాటా ఒక్కటే దిక్కా?

2023 జులైలో టమాటా ధర చాలాచోట్ల కిలో 150 దాటి 200 దాకా వెళ్లింది. మదనపల్లె మార్కెట్ పేరు రోజూ వార్తల్లో ఉంది. ఇంకో కాలంలో అదే టమాటా కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రైతుల్నీ చూశాం. ఆ జులైలో మా అపార్ట్‌మెంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "పప్పులోకి ఏం వేయాలి?" కింద గేటు దగ్గర ఆకుకూరలమ్మే అవ్వ గంపలో గోంగూర ఉంది. గంప మూలన చిన్న కుప్పగా వాక్కాయలున్నాయి. అడిగేవాళ్లు లేరు.

టమాటా మంచి కాయ. మా ఇంట్లోనూ రోజూ ఉంటుంది. కానీ పన్నెండు నెలలూ పప్పులో అదే వేయడం వల్ల మిగతా పులుపుల పేర్లు మరిచిపోతున్నాం. కొనేవాళ్లు లేకపోతే అవ్వ వాక్కాయలు తేవడం మానేస్తుంది. ఆమె మానేస్తే కంచెల్లో వాక్కాయ పొదలు నరికేస్తారు. ఒక పులుపు ఊళ్లోంచి వెళ్లిపోవడానికి రెండు తరాలు చాలు.

ఇదంతా ఎవరు చేయాలి అనే ప్రశ్న న్యాయమైనదే. ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరే ఆడమనిషిని రోట్లో చింతకాయ తొక్కమని చెప్పడానికి ఎవరికీ హక్కులేదు. మా నాయనమ్మ నూరు కాయలు పెట్టేది, నేను పన్నెండు పెడతాను. వీలుకాని ఏడు స్వగృహ దుకాణంలో కొంటాను, అందులో తప్పేమీ లేదు. ఇంకొక్క మాట. వడియాలకి తెచ్చిన బూడిద గుమ్మడికాయని ముందు మగవాళ్లే పగలగొట్టాలని మన ఇళ్లల్లో ఆచారముంది. పగలగొట్టి వెళ్లిపోకుండా, ముక్కలు కోసి, ఉప్పేసి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీరు దిగేలా పైన బరువు పెట్టేదాకా ఉంటే పని సగమైపోతుంది. మా ఇంట్లో అలాగే చేస్తాం. తెల్లారి మినప్పిండి రుబ్బడం నా వంతు, డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టడం నలుగురిదీ. రెండో రోజు చీర వెనక నీళ్లు చల్లి వడియాలు ఒలవడం మావాడికి ఎంతిష్టమో!

డాలస్‌లో ఉండే మా పెదనాన్న కూతురు పెరట్లో గోంగూర వేస్తుంది. చలి వెళ్లాక విత్తుతుంది, నవంబరులో మంచుకి మొక్కలు వాలిపోతాయి. ఆ మధ్య నెలల్లో వారానికోసారి కోసి, పక్కింటి తెలుగువాళ్లకి పంచి, మిగిలింది నూనెలో మగ్గబెట్టి దాస్తుంది. "ఇక్కడ మాకు రెండే కాలాలే. గోంగూర ఉన్న కాలం, లేని కాలం" అంటుంది ఫోన్లో. కొనుక్కోవడానికి అక్కడ కొట్లలో అన్నీ ఉన్నాయి. అయినా విత్తుతుంది.

మీ ఇంటి దగ్గర రైతుబజారుకో, వీధి మలుపులో గంప పెట్టుకుని కూర్చునే అవ్వ దగ్గరికో ఈ వారం వెళ్లండి. వాక్కాయలు ఎప్పుడొస్తాయని అడగండి. మీరు అడిగితేనే ఆమె తెస్తుంది. గులాబీ రంగు తిరిగినవి ఏరుకోండి. గ్లాసు కందిపప్పుకి పది పన్నెండు కాయలు చాలు. రెండుగా కోసి గింజలు తీసేయండి, కాయ పాలకి కత్తి జిగురవుతుంది, చేతికి కాస్త నూనె రాసుకోండి. పచ్చిమిరపకాయలతో విడిగా మగ్గనిచ్చి, ఉడికిన పప్పులో కలిపి, వెల్లుల్లి పోపు పెట్టండి. మా ఇంట్లో కాలెండర్ మీద ఆ రోజుకి పెన్సిల్‌తో గుండ్రంగా గీత గీసి ఉంది. ఇంకా పదకొండు రోజులుంది.